మార్సెయ్ నగరం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాన్సు వెళ్ళే మనవాళ్ళు చాలామంది పారిస్ చూసుకుని తిరిగి వచ్చేస్తారు. మార్సెయ్ గురించి అడిగేవారు తక్కువే, కానీ అడిగినవారు ఒక్క ప్రశ్నతో ఆగరు. మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఈ ఊరంటే నాకున్న ఇష్టం జవాబుల్లో అక్కడక్కడా బయటపడుతుంది, దానికి క్షమాపణ చెప్పను.

ఇంతకీ పేరును ఎలా పలకాలి?

"మార్సెయ్" అంటే సరిపోతుంది. మన పాత పుస్తకాల్లో కనిపించే "మార్సెయిల్స్" ఇంగ్లీషువారి నుంచి అరువు తెచ్చుకున్న పలుకు. ఊరివాళ్ళు మాత్రం దక్షిణాది యాసలో చివర సన్నగా ఒక "అ" కూడా తగిలిస్తారు. పారిస్‌వారు మింగేసే అక్షరాలను వీళ్ళు సాగదీసి పలుకుతారు. నోరు విప్పగానే మనిషి ఏ ఊరివాడో తెలిసిపోతుంది.

ఎక్కడుంది? ఎంత పెద్దది?

ఫ్రాన్సు దక్షిణ కొసన, రోన్ నది సముద్రంలో కలిసే చోటికి తూర్పున, మధ్యధరా ఒడ్డున ఉంది. జనాభా సుమారు 8.7 లక్షలు. దేశంలో పారిస్ తరువాత ఇదే పెద్ద నగరం. విస్తీర్ణంలో పారిస్ నగరపాలక పరిధికి రెండింతలు దాటుతుంది. సున్నపురాతి కొండలు కూడా ఊరి హద్దుల్లోనే ఉన్నాయి మరి. అధికారిక లెక్క ప్రకారం 111 పేటలు. అందులో చాలావరకు ఒకప్పటి పల్లెలే. "మీదే ఊరు?" అంటే ముందు పేట పేరు చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఫ్రాన్సులో అతి పాత నగరం ఇదే అంటారు. నిజమేనా?

నిజమే. క్రీ.పూ. 600 ప్రాంతంలో ఫొకయా నుంచి వచ్చిన గ్రీకు నావికులు దీన్ని స్థాపించారు. ఫొకయా ఇప్పటి తుర్కియే పశ్చిమ తీరంలో ఉంది. వాళ్ళు పెట్టిన పేరు మస్సాలియా.

స్థాపన కథ మనకు కొత్తగా అనిపించదు, ఎందుకంటే అది అచ్చంగా స్వయంవరం. స్థానిక లిగూరియన్ తెగ రాజు నానుస్ తన కూతురు జిప్టిస్ పెళ్ళికి విందు చేస్తున్నాడు. ఆమె ఎవరి చేతికి పానపాత్ర ఇస్తే వాడే వరుడు. సరిగ్గా ఆ రోజే గ్రీకు ఓడ ఒకటి ఒడ్డుకు చేరింది, దాని నాయకుడు ప్రోటిస్‌నూ విందుకు పిలిచారు. తెగలోని యువకులందరినీ దాటుకుని వెళ్ళి జిప్టిస్ ఆ పరదేశి చేతిలో పాత్ర పెట్టింది. రాజు అల్లుడికి రేవు చుట్టూ ఉన్న నేల ఇచ్చాడు. ఇది కథేనని చరిత్రకారులు అంటారు. ఊరివారికి మాత్రం ఇదే జన్మపత్రిక: మా ఊరు పరాయివాడికి చోటివ్వడంతో మొదలైంది అని చెప్పుకుంటారు.

అంత పాత ఊళ్ళో పాత కట్టడాలు కనిపించవేం?

ఏథెన్స్‌లోలా స్తంభాలు ఉంటాయని వెళితే నిరాశ తప్పదు. ఈ ఊరు తన మీద తనే మళ్ళీ మళ్ళీ కట్టుకుంటూ వచ్చింది. 1967లో నగరం నడిబొడ్డున వాణిజ్య సముదాయం కోసం తవ్వుతుంటే గ్రీకు కాలపు ప్రాకారం, ప్రాచీన రేవు గట్టు బయటపడ్డాయి. ఇప్పుడు అది ఒక తోట, పక్కనే నగర చరిత్ర మ్యూజియం. సముద్రం అక్కడిదాకా ఉండేదంటే నమ్మశక్యం కాదు.

రెండో కారణం బాధాకరమైనది. 1943 జనవరిలో జర్మన్ సైన్యం, ఫ్రెంచి పోలీసులు కలిసి పాత రేవు ఉత్తరపు ఒడ్డున ఉన్న పేటను చుట్టుముట్టారు. సుమారు 20 వేల మందిని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టారు. పట్టుబడిన యూదులను వందల సంఖ్యలో సోబిబోర్ మృత్యుశిబిరానికి పంపారు. ఫిబ్రవరిలో దాదాపు 1,500 భవనాలను డైనమైట్‌తో కూల్చేశారు. 17వ శతాబ్దపు నగరపాలక భవనం లాంటి కొన్నింటిని మాత్రమే వదిలారు. యుద్ధం ముగిశాక ఆ శిథిలాల కింద రోమన్ల కాలపు సరుకు గోదాము కనిపించింది. మన ఇళ్ళలోని ధాన్యపు గాదెలంత మట్టి కాగులు నేలలో పాతినవి పాతినట్టే ఉన్నాయి. వాటిని ఇప్పుడు మ్యూజియంలో చూడవచ్చు. చూస్తున్నంతసేపూ ఇవి ఎలా బయటపడ్డాయో గుర్తొస్తూనే ఉంటుంది.

మార్సెయ్‌కి, పారిస్‌కి ఎందుకు పడదు?

ఇది పారిస్ కన్నా పాత పంచాయితీ. క్రీ.పూ. 49లో రోమన్ సేనానులు సీజరు, పాంపేల మధ్య పోరు జరిగినప్పుడు మస్సాలియా పాంపే వైపు మొగ్గి, ముట్టడికి లొంగి, స్వతంత్రం పోగొట్టుకుంది. పెద్ద అధికారం ఎటుంటే దానికి ఎదురు నిలబడి దెబ్బ తినడం అప్పుడే అలవాటైనట్టుంది.

ప్రొవాన్స్ ప్రాంతంతో పాటు 1481లో ఫ్రెంచి రాజ్యంలో చేరినా తలవంచలేదు. తిరుగుబాటు అణచడానికి 1660లో పద్నాలుగో లూయీ స్వయంగా వచ్చాడు. కోటగోడకు గండి కొట్టించి, అందులోంచి ఊళ్ళోకి ప్రవేశించాడు. తరువాత రేవు ముఖద్వారం దగ్గర సెయింట్ నికొలా కోట కట్టించాడు. దాని ఫిరంగులు శత్రువు వచ్చే సముద్రం వైపే కాక ఊరి వైపూ చూసేవి. విప్లవ కాలంలోనూ ఇంతే: పారిస్ ప్రభుత్వాన్ని ఎదిరించినందుకు 1794 మొదట్లో కొన్ని వారాల పాటు ఊరి పేరే తీసేసి "పేరులేని ఊరు" అని పిలిచారు.

మరి జాతీయగీతానికి ఈ ఊరి పేరే ఉంది కదా? అది ఇక్కడ పుట్టిందా?

పుట్టలేదు. 1792 ఏప్రిల్‌లో దేశానికి ఆ చివరనున్న స్ట్రాస్‌బూర్గ్‌లో రూజే ద లీల్ అనే సైనికాధికారి రాశాడు. ఆ వేసవిలో మార్సెయ్ నుంచి వాలంటీర్లు పారిస్‌కు నడిచి వెళుతూ దారి పొడవునా అదే పాడారు. విన్న జనం "మార్సెయ్‌వాళ్ళ పాట" అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. రెండేళ్ళు తిరగకుండానే ఆ ఊరి పేరే తీసేశారంటే చరిత్ర హాస్యం అర్థమవుతుంది.

1720 ప్లేగు గురించి అంతగా ఎందుకు చెప్పుకుంటారు?

ఎందుకంటే అది రాకుండా ఆపగలిగేవారే. మార్సెయ్‌లో అప్పటికే యూరపులోకెల్లా కట్టుదిట్టమైన క్వారంటైన్ వ్యవస్థ ఉంది. తూర్పు దేశాల నుంచి వచ్చే ప్రతి ఓడ తాను ఆగిన రేవుల ఆరోగ్య పత్రాలు చూపాలి. అనుమానం ఉంటే దూరపు ద్వీపం దగ్గర లంగరు వేయాలి.

గ్రాండ్ సెయింట్ ఆంత్వాన్ అనే ఓడ 1720 మే 25న వచ్చింది. దారిలోనే ఒక ప్రయాణికుడు, కొందరు నావికులు, చివరికి ఓడ వైద్యుడూ చనిపోయారు. కానీ లోపల ఉన్నది ఖరీదైన బట్టల సరుకు. బోకేర్ సంతకు అందకపోతే నష్టం. ఆ సరుకులో వాటా ఉన్నవారిలో నగర పెద్ద ఎస్తెల్ ఒకడు. నిబంధనలు మెత్తబడ్డాయి. సరుకును నగరం పక్కనే ఉన్న క్వారంటైన్ శాలకు దింపనిచ్చారు. అక్కడి నుంచి బట్టలు, వాటితో పాటు ప్లేగును మోసే పురుగులు, దొంగచాటుగా ఊళ్ళోకి చేరాయి.

సుమారు 90 వేల జనాభాలో 40 వేల మంది దాకా పోయారు. లా తురెత్ మైదానంలో వెయ్యికి పైగా శవాలు వారాల తరబడి ఎండలో పడి ఉంటే, షెవాలియె రోజ్ అనే అధికారి సైనికులను, ఓడల్లో తెడ్లు వేసే ఖైదీలను తీసుకెళ్ళి, అక్కడి పాత బురుజులను పగలగొట్టించి వాటి బోలు గర్భంలోకి నెట్టించాడు. ఆ ఖైదీల్లో చాలామంది కొద్ది రోజుల్లోనే చనిపోయారు. బిషప్ బెల్సన్స్ ఊరు వదలకుండా రోగుల మధ్య తిరిగాడు. ఒక పేటకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఓడను తగలబెట్టించారు. కప్తానును ఊరి ఎదుటి ద్వీపంలోని ఇఫ్ కోటలో బంధించారు. ఎస్తెల్‌కు ఏం జరిగిందని అడుగుతారేమో, తరువాత రాజు ఆయనకు కులీన హోదా ప్రసాదించాడు. కరోనా రోజుల్లో ఈ కథ మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

నగర పాలన ఎలా జరుగుతుంది? మేయరును ప్రజలే ఎన్నుకుంటారా?

నేరుగా ఎన్నుకోరు. మన కార్పొరేషన్లలో కార్పొరేటర్లు చేసినట్టే అక్కడా కౌన్సిలర్లు మేయరును ఎన్నుకుంటారు. అక్కడిదాకా తేలికే. తిరకాసు ఓటింగులో ఉంది. పారిస్, లియోన్, మార్సెయ్ మూడింటికి 1982లో ప్రత్యేక చట్టం చేశారు. దాని ప్రకారం మార్సెయ్‌లోని 16 వార్డులను కలిపి సెక్టార్లు చేశారు. ఇప్పుడు రెండేసి వార్డులకు ఒకటి చొప్పున 8 సెక్టార్లు ఉన్నాయి. ప్రతి సెక్టారుకూ ఒక చిన్న మేయరు, మొత్తానికి ఒక పెద్ద మేయరు. 2025 సవరణ దాకా సెక్టార్ల వారీగా గెలిస్తే సరిపోయేది, నగరం మొత్తం మీద ఎక్కువ ఓట్లు రాకపోయినా పరవాలేదు.

ఈ చట్టం తెచ్చిన హోం మంత్రి గాస్తోఁ దెఫేర్. ఆయనే అప్పటి మార్సెయ్ మేయరు. 1983లో జరిగిన తొలి ఎన్నికలో ప్రత్యర్థి జాఁ క్లోద్ గొదాన్‌కు నగరమంతటా ఎక్కువ ఓట్లు వచ్చాయి, మేయరు పదవి మాత్రం దెఫేర్‌కే దక్కింది. ఇందులో వింతేమీ లేదని వాదించేవాళ్ళు నాకు ఇంకా కనిపించలేదు.

1953 నుంచి 1986లో చనిపోయేదాకా దెఫేర్ 33 ఏళ్ళు పాలించాడు. గొదాన్ 1995 నుంచి 2020 దాకా 25 ఏళ్ళు. ఒకరు సోషలిస్టు, ఇంకొకరు మితవాది. పేటపేటకూ తమ మనుషులు, తెలిసినవారికి ఉద్యోగాలు, ఇళ్ళు అనే పద్ధతి మాత్రం ఇద్దరి హయాంలోనూ నడిచిందని విమర్శకులు అంటారు. 2020లో వామపక్షాలు, పర్యావరణవాదులు కలిసి గెలిచారు. చాలినంత మెజారిటీ లేక, ఉత్తర పేటల నాయకురాలు సమియా గాలి మద్దతు తీసుకోవలసి వచ్చింది (ఇంటిపేరు చూసి మనవారనుకోకండి, ఆమెవి అల్జీరియా మూలాలు). మిషెల్ రుబిరోలా ఈ నగరపు తొలి మహిళా మేయరయ్యారు. ఆరోగ్య కారణాలతో ఆ డిసెంబరులోనే తప్పుకున్నారు. ఆమె స్థానంలో బెన్వా పయాన్ వచ్చారు. సెక్టారుకు ఒకటి, నగర కౌన్సిలుకు ఒకటి చొప్పున ఓటరు రెండు ఓట్లు వేసేలా 2025లో చట్టాన్ని సవరించారు.

దీని మీద ఇంకో అంతస్తు ఉంది. 2016 నుంచి చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి 92 పురపాలికల మహానగర మండలి పనిచేస్తోంది. చెత్త ఎవరు తీయాలన్న దగ్గర నుంచి రోడ్లు ఎవరు వేయాలన్నదాకా నగరానికీ మండలికీ మధ్య లాగులాట నడుస్తూనే ఉంటుంది. శాంతిభద్రతలు కేంద్ర ప్రభుత్వం నియమించే ప్రిఫెక్ట్ చేతిలో ఉంటాయి.

మంటలార్పేవాళ్ళు నావికాదళం వాళ్ళేనటగా?

అవును. 1938 అక్టోబరు 28న కనబియేర్ వీధిలోని పెద్ద దుకాణం ఒకటి తగలబడి 73 మంది చనిపోయారు. ఊళ్ళో అదే సమయంలో ఒక జాతీయ పార్టీ మహాసభ జరుగుతోంది, ప్రధానమంత్రి దలదియే అక్కడే ఉన్నాడు. నగర అగ్నిమాపక దళం చేతకానితనం ఆయన కళ్ళెదుటే బయటపడింది. మరుసటి ఏడాది మేయరు అధికారాలు తీసేసి నగరాన్ని ప్రభుత్వ పర్యవేక్షణ కిందికి తెచ్చారు, మంటలార్పే పని నావికాదళానికి అప్పజెప్పారు. నేటికీ వాళ్ళదే బాధ్యత.

2018లో ఇళ్ళు కూలిన సంఘటన ఏమిటి?

నవంబరు 5 ఉదయం, పాత రేవుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఓబాన్య వీధిలో 63, 65 నంబర్ల ఇళ్ళు కూలిపోయాయి. 8 మంది చనిపోయారు. గోడల బీటల గురించి అక్కడివారు ముందే మొరపెట్టుకున్నారు. ఆ తరువాత అధికారులు హడావుడిగా వేలమందిని శిథిల గృహాల నుంచి ఖాళీ చేయించారు. ఒక తరం పాలన మీద జనం నమ్మకం ఆ ఉదయమే కూలిందని నా అభిప్రాయం. 2020 ఫలితాన్ని అది లేకుండా అర్థం చేసుకోలేం.

భారతదేశంతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ ఓ ఖడ్గమృగంతో మొదలు. గుజరాత్ సుల్తాను రెండో ముజఫర్ షా పోర్చుగీసువారికి కానుకగా ఇచ్చిన ఖడ్గమృగాన్ని, వాళ్ళు రోములోని పోప్‌కు పంపుతుండగా 1516 ఆరంభంలో ఓడ మార్సెయ్ ఎదుటి ద్వీపం దగ్గర ఆగింది. ఫ్రెంచి రాజు మొదటి ఫ్రాన్స్వా పనిగట్టుకుని వెళ్ళి చూశాడు. పాపం ఆ మృగం ఇటలీ తీరంలో ఓడతో పాటు మునిగిపోయింది. కొన్నేళ్ళకు అదే ఇఫ్ ద్వీపంలో రాజు కోట కట్టించాడు.

తరువాతిది చేపల కథ. మార్సెయ్‌వాళ్ళ అతిశయోక్తిని ఎగతాళి చేయాలంటే "సార్డీన్ చేప రేవుకు అడ్డం పడిందన్న ఊరు" అంటారు. అసలు అడ్డం పడింది చేప కాదు, సార్తీన్ అనే ఓడ. పుదుచ్చేరి ఇంగ్లీషువారి చేతికి చిక్కాక అక్కడి ఫ్రెంచివారిని స్వదేశానికి చేర్చుతూ 1780లో వచ్చి, రేవు ముఖంలోనే మునిగింది. ఒక్క అక్షరం జారి చేపయింది.

మూడోది మన పొలాలదాకా వస్తుంది. 19వ శతాబ్దం చివర మార్సెయ్ నూనె మిల్లులకు, సబ్బు కార్ఖానాలకు వేరుశనగ కావలసి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పండిన కాయ పుదుచ్చేరి రేవు మీదుగా అక్కడికి ఓడలకొద్దీ వెళ్ళేది. దక్షిణాదిన వేరుశనగ వ్యాపారపంటగా పెరగడానికి ఆ గిరాకీ ఒక పెద్ద కారణం. 1954 దాకా ఫ్రెంచివారి కింద ఉన్న యానాం సంగతి తెలిసినవారికి ఇంకో మాట: ఆ రోజుల్లో సూయెజ్ మీదుగా ఆసియా నుంచి ఓడలో ఫ్రాన్సు చేరేవారు సాధారణంగా మొదట కాలు మోపేది ఈ గట్టు మీదే.

1910 జూలై 8న సావర్కర్ మోరియా ఓడ కిటికీలోంచి ఈ రేవులోనే దూకి ఈదాడు, ఒడ్డున దొరికిపోయాడు. వ్యవహారం హేగ్ న్యాయస్థానందాకా వెళ్ళింది. 1914 సెప్టెంబరులో పశ్చిమ రణరంగానికి వెళ్ళే భారతీయ సైనికులు దిగింది ఇక్కడే. మజార్గ్ శ్మశానవాటికలో మనవాళ్ళ సమాధులు, స్మారకం ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో భారత కాన్సులేట్ కూడా మొదలైంది. ఇక ఇప్పటి ముచ్చట: ముంబయి, చెన్నైలను కలిపే ఒక ముఖ్యమైన సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుల్ అవతలి కొస మార్సెయ్‌లోనే ఒడ్డెక్కుతుంది.

అక్కడ ఎవరు ఉంటారు?

ఓడ దిగినవాళ్ళ మనవలు. ఇటలీ, కోర్సికా, 1915 మారణకాండ తప్పించుకున్న అర్మేనియన్లు, 1962లో అల్జీరియా నుంచి ఒక్కసారిగా వచ్చిపడ్డ యూరోపియన్లు, తరువాత ఉత్తరాఫ్రికా కూలీలు, కొమరోస్ దీవులవారు. నోయాయ్ సంతలో అరగంట తిరిగితే ఇదంతా ముక్కుకే తెలుస్తుంది: జీలకర్ర, పుదీనా, వేయించిన పిండి, పచ్చి చేప.

ఓడరేవు ఇంకా పనిచేస్తోందా?

బాగా. కానీ మీరు ఫొటోల్లో చూసే పాత రేవులో ఇప్పుడు విహార పడవలే ఉంటాయి. 19వ శతాబ్దంలో సరుకు రవాణా జొలియెత్‌కు, 1960ల తరువాత చాలావరకు పశ్చిమాన 50 కిలోమీటర్ల దూరంలోని ఫోస్‌కు మారింది. మొత్తం కలిపి ఏడాదికి సుమారు 7 కోట్ల టన్నులు, ఇంచుమించు విశాఖ రేవు స్థాయి.

ఏం తినాలి? శాకాహారులకు ఏమైనా దొరుకుతుందా?

బూయాబేస్ ప్రసిద్ధమైన చేపల పులుసు. ముళ్ళెక్కువై అమ్ముడుపోని రాతి చేపలతో జాలరులు కాచుకున్నది ఇప్పుడు ఖరీదైన వంటకమైంది. కుంకుమపువ్వు, సోపు వేస్తారు, చింతపండు ఉండదు. ముందు పులుసు, వెల్లుల్లి రాసిన రొట్టె ముక్కలు వస్తాయి. తరువాత చేపలను మీ ఎదుటే ముళ్ళు తీసి వడ్డిస్తారు. చవకగా దొరికిందంటే అనుమానించండి.

శాకాహారులు లెస్తాక్ రేవుకు వెళ్ళాలి. అక్కడి బడ్డీల్లో పనీస్ అమ్ముతారు. శనగపిండిని నీళ్ళలో గట్టిగా ఉడికించి, గొట్టంలా చుట్టి, చల్లార్చి, బిళ్ళలుగా కోసి నూనెలో వేస్తారు. పొట్లం విప్పితే పైన కరకర, లోపల వెన్నలా ఉంటుంది, ఉప్పూ మిరియాలూ తప్ప ఇంకేమీ ఉండదు. మొదటిసారి తిన్నప్పుడు నా చెయ్యి దానంతటదే అల్లం చట్నీ కోసం వెతికింది.

మార్సెయ్ సబ్బు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అదే చిక్కు. అసలుదానికి రంగులు, అత్తర్లు ఉండవు. ఆలివ్ నూనెదైతే ఆకుపచ్చ దిమ్మ, నూనె పాలు 72 శాతం అన్న ముద్ర. గులాబీ రంగు, లావెండర్ వాసన ఉంటే బహుమతులకు బాగుంటుంది, అంతే.

ప్రమాదకరమైన ఊరా?

మాదకద్రవ్య ముఠాల పోరు నిజం. 2023లో ఆ కాల్పుల్లో 49 మంది చనిపోయారు. అది ఎక్కువగా కొన్ని ఉత్తర పేటల గృహ సముదాయాల్లో జరుగుతుంది, బలయ్యేది అక్కడి పేద పిల్లలే. సందర్శకుడు భయపడాల్సింది జేబుదొంగలకు. ఫుట్‌బాల్ ఆటగాడు జిదాన్ పుట్టి పెరిగిన లా కాస్తెలాన్ కూడా ఆ ఉత్తర పేటల్లోదే, వార్తల్లో ఆ సంగతి అరుదుగా వస్తుంది.

ఫుట్‌బాల్ పిచ్చి గురించి విన్నది నిజమేనా?

తక్కువే విన్నారు. 1993 మే 26న మ్యూనిక్‌లో మార్సెయ్ జట్టు ఆటగాడు బాసిల్ బోలీ తలతో కొట్టిన ఒకే ఒక గోలుతో మిలాన్ ఓడింది, ఫ్రాన్సుకు తొలి ఛాంపియన్స్ లీగ్ వచ్చింది. పారిస్ జట్టు 2025లో గెలిచినా, మొదట గెలిచింది మేమే అన్న మాట ఇక్కడ టాక్సీవాళ్ళు కూడా వదలరు.

రెండు రోజులుంటే ఏం చూడాలి?

కొండ మీది నోత్రదామ్ ద లా గార్ద్ ముందు. 1864 నాటి చర్చి, శిఖరం మీద 11 మీటర్ల బంగారుపూత మేరీమాత. ఊరంతా ఆమెను "మంచి అమ్మ" అంటుంది, ముస్లిం టాక్సీ డ్రైవర్లతో సహా. లోపల పైకప్పు నుంచి చిన్న చిన్న ఓడ బొమ్మలు వేలాడుతుంటాయి, తుఫాను నుంచి బతికి బయటపడ్డవారి మొక్కులవి. తరువాత 2013లో తెరిచిన మ్యూసెమ్ మ్యూజియం. చండీగఢ్ రూపకర్త ల కొర్బుజియే 1952లో పూర్తిచేసిన నివాస సముదాయం కూడా ఇక్కడే ఉంది. మొదట్లో ఊరివాళ్ళు దాన్ని "పిచ్చోడి ఇల్లు" అనేవారు. కలాంక్ అనే సముద్రపు లోయలకు వేసవిలో వెళ్ళేట్లయితే ముందు ఆరా తీయండి: కొన్నిచోట్ల రోజుకు ఇంతమందే అని పరిమితి, అడవి మంటల భయం ఉన్న రోజుల్లో పూర్తిగా మూసేస్తారు.

ఏ కాలంలో వెళితే మంచిది?

మే, సెప్టెంబరు. ఎప్పుడు వెళ్ళినా మిస్త్రాల్ గాలిని లెక్కలో ఉంచుకోండి. ఉత్తరాన్నుంచి రోన్ లోయ గుండా దూసుకొచ్చే ఈ గాలికి ఆకాశం కడిగినట్టు నీలంగా మారుతుంది, ఎండ చూసి మోసపోతాం. గాలి ఉధృతంగా ఉన్న రోజు ఇఫ్ కోటకు పడవలు ఆగిపోతాయి. పొద్దున్నే రేవు దగ్గర టిక్కెట్టు గదిలో అడిగి, పడవ లేదంటే ఎదురుగా గట్టు మీద చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర కాసేపు నిలబడండి. తొట్టెల్లో చేపలు ఇంకా ఎగురుతుంటాయి.